మూడంటే నాలుగే

బుడగ బడి నుంచి వచ్చింది. ఒక చెప్పు గుమ్మంలో, ఒక చెప్పు మెట్ల మీద విడిచింది. సంచి భుజాన ఉండగానే పదకొండు మెట్లూ పరుగున ఎక్కి, పై గది తలుపు మీద వేలి కణుపుతో ఒక్కసారి తట్టింది.

టక్.

చెవి ఆనించి ఆగింది. ఆగడమంటే ఆ పిల్లకి ప్రాణం మీదికి వచ్చినట్టే. నీళ్ళలోంచి బుడగలు లేచినట్టు నోట్లోంచి మాటలు ఆగకుండా వస్తాయని అమ్మ పెట్టిన పేరు అది. బళ్ళో టీచర్లు కూడా అసలు పేరు మర్చిపోయారు.

జవాబు రాలేదు. కింద వీధిలో పిల్లలు సైకిల్ పందెం పెట్టుకున్నారు. బెల్లులు మోగుతున్నాయి.

"బుడగా, వస్తావా? నిన్ను వదిలేసి మొదలుపెట్టేయమంటావా?"

"ఆగండ్రా, వచ్చేస్తున్నా."

అప్పుడు వచ్చింది జవాబు. టక్. ఎప్పుడూ తలుపు మధ్య నుంచి వచ్చేది. ఇవాళ కింద నుంచి, నేల దగ్గర నుంచి వచ్చింది. మెత్తగా వచ్చింది. బుడగకి ఏదో తేడాగా అనిపించింది. ఒక్క క్షణం అనిపించింది. అంతలో మళ్ళీ బెల్లు మోగింది.

"అమ్మా, బాగున్నాడు" అని కిందికి అరిచి, వచ్చిన దారినే దూసుకుపోయింది.

ఈ తట్టుడు సంగతి చెప్పాలి. లేకపోతే ఈ ఇల్లు అర్థం కాదు.

వాళ్ళమ్మ డైవర్. డ్రైవర్ కాదు, డైవర్. ఎవరికైనా రెండుసార్లు చెప్పాల్సిందే. ఊరికి తాగునీళ్ళిచ్చే పెద్ద రిజర్వాయరు అడుగుకి దిగుతుంది. పైపుల నోటికి అడ్డం పడ్డ చెట్ల కొమ్మలు, గోనె సంచులు, ఒకసారి ఏకంగా ఒక మంచం, తీసి పారేస్తుంది. నాన్న పని పైన. అమ్మ నడుముకి కట్టిన తాడు రెండో కొస నాన్న చేతిలో ఉంటుంది. అమ్మ నీళ్ళలో ఉన్నంతసేపూ నాన్న ఆ తాడు వదలడు. ముక్కు దురద పెట్టినా వదలడు.

అమ్మ హెల్మెట్లో మైకు ఉంది. సగం రోజులు అది గరగరమంటుంది. అందుకని తాడే మాట్లాడుతుంది. నాన్న ఒకసారి లాగితే 'బాగున్నావా?' అని. అమ్మ ఒకసారి లాగితే 'బాగున్నా' అని. రెండుసార్లంటే 'తాడు వదులు.' నాలుగుసార్లంటే 'నన్ను పైకి లాగు.' మూడు లేదు.

ఆ లెక్క ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో ఎవరికీ గుర్తులేదు. నాన్న పేపరు పట్టుకుని బాత్రూమ్‌లో అరగంట కూర్చుంటే బయట నుంచి ఒక తట్టు. లోపలి నుంచి ఒక తట్టు. మాటలు దండగ.

ఇప్పుడు ఆ తట్టు అన్నయ్య తలుపు మీదికి వచ్చింది. అన్నయ్య గది తలుపు వేసుకుని ఇరవై రెండు రోజులైంది.

అన్నయ్య పన్నెండో తరగతి. లెక్కల పరీక్ష మధ్యలో లేచాడు. పేపరూ పెన్నూ బల్ల మీదే వదిలేసి ఇంటికి నడిచొచ్చాడు. నాలుగు కిలోమీటర్లు. బస్సు పాసు జేబులోనే ఉంది. ఏమైందిరా అంటే "ఏం లేదు" అన్నాడు. మర్నాడు యూనిఫాం వేసుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఆ మర్నాడు గేటు దాకా కూడా వెళ్ళలేదు.

"అలిసిపోయాడు. కాస్త రెస్ట్ తీసుకోనీ" అంది అమ్మ.

"నాలుగు రోజులు పోతే సర్దుకుంటాడులే" అన్నాడు నాన్న.

నాలుగు రోజులు పోయాయి. పది పోయాయి. భోజనం కంచం తలుపు దగ్గర పెడితే ఖాళీ కంచం తిరిగి వచ్చేది. అమ్మానాన్నలకి ఆ తలుపంటే భయం పట్టుకుంది. నీళ్ళ అడుక్కి దిగే మనిషికీ, ఆమె ప్రాణాన్ని చేత్తో పట్టుకునే మనిషికీ తలుపంటే భయం. అందుకని తట్టే పని చిన్నపిల్లకి అప్పగించారు. బుడగ "బాగున్నాడు" అని అరిస్తే కింద ఇద్దరూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

ఊరికి మాత్రం కామెర్లని చెప్పారు. అన్నయ్య కాలు విరిగితే ఎక్కడ విరిగిందో, ఎన్ని కట్లు కట్టారో వీధి వీధికీ చెప్పేవాళ్ళే. మనసు విరిగితే కామెర్లన్నారు.

పక్కింటి టైలరత్త ఆ మాట నమ్మింది. రోజూ మధ్యాహ్నం ఉప్పూ నూనె లేకుండా ఉడకబెట్టిన సొరకాయ గిన్నెడు పంపేది. అన్నయ్య ముట్టడు. అత్త గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళాలి. బడి నుంచి వచ్చాక బుడగ తినాలి.

"జబ్బు వాడిది, పథ్యం నాదా?" అని అడిగింది బుడగ.

"నోర్మూసుకుని తిను" అంది అమ్మ.

* * *

శుక్రవారం సాయంత్రం టైలరత్త వచ్చింది. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, కుడుతున్నది కుడుతున్నట్టే వదిలేసి వచ్చింది.

"అమ్మాయ్, మీ గోడవతల కుక్కలు విందు చేసుకుంటున్నాయి. వెళ్ళి చూస్తే ఆరు కవర్లు. అన్నం, కూర, అన్నీ ముడేసినవి ముడేసినట్టే ఉన్నాయి. పై కిటికీలోంచి పడ్డట్టున్నాయి."

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. ఆరు కవర్లు. పూటకి ఒకటి. రెండు రోజులు.

"నిన్న బాగున్నాడన్నావు" అంది బుడగ వైపు తిరిగి.

"తట్టాడమ్మా."

"ఇవాళ?"

"ఇవాళా తట్టాడు." బుడగ అమ్మ దగ్గరికి జరిగింది. "నిన్నటిది ఆలస్యంగా వచ్చింది. కింద నుంచి వచ్చింది. నాకు అదోలా అనిపించింది. కానీ చెప్పలేదు. సైకిల్ పందెం ఉంది."

అంతే, ఏడుపు వచ్చేసింది. మామూలు ఏడుపు కాదు. మాట కలవని ఏడుపు.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇటు చూడు. ఆ తాడు పట్టుకోవాల్సింది నేను. ధైర్యం చాలక నీ చేతికిచ్చాను. పదేళ్ళ పిల్లవి నువ్వు. తప్పెవరిది?"

"నాది కూడా కొంచెం."

"సరే. కొంచెం నువ్వుంచుకో. మిగతాదంతా ఇటివ్వు."

ఆ సాయంత్రం అమ్మ తనే పైకి వెళ్ళింది. తలుపు వేలెడంత తెరుచుకుంది. గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు లోపలికి వెళ్ళాయి. అన్నయ్య అమ్మ ముందే తాగాడు. మళ్ళీ తలుపు పడింది.

శనివారం తెల్లారగానే ఫోను. రిజర్వాయరు దగ్గర పైపు మూసుకుపోయింది, సగం ఊరికి నీళ్ళు లేవు. ఇద్దరూ వెళ్ళక తప్పదు. అమ్మ మెట్ల వైపు చూసి కదల్లేదు.

నాన్న గోడ దగ్గరికి వెళ్ళి పిలిచాడు. "అక్కా, ఒక మాట. వాడికి కామెర్లు కాదు. పరీక్షలో ఏదో భయం పట్టుకుంది. గదిలోంచి బయటికి రావట్లేదు. ఏం చేయాలో మాకు తెలియలేదు. తెలియక అబద్ధం చెప్పాం."

టైలరత్త గోడ మీద రెండు చేతులూ ఆనించింది. "ఆ మాట ముందే చెప్తే ఇన్ని సొరకాయలు ఉడకబెట్టి చచ్చేదాన్ని కాదుగా" అంది. తర్వాత లోపలికి వెళ్ళి చొక్కాలు, గుండీల డబ్బా తెచ్చుకుంది. బుడగ వాళ్ళింటి మెట్ల మీద, పై మెట్టు మీద, అన్నయ్య తలుపుకి దగ్గరగా కూర్చుంది. "మీరు వెళ్ళిరండి. మూడు డజన్ల గుండీలు కుట్టాలి. ఎక్కడ కూర్చుని కుడితే ఏం?"

"బుడగా, వ్యానెక్కు. నువ్వూ రా" అన్నాడు నాన్న.

* * *

బుడగ రిజర్వాయరుని చాలాసార్లు చూసింది, బస్సులోంచి. ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు. ఆకాశం మొత్తం దిగి వచ్చి నీళ్ళ మీద పడుకున్నట్టుంది. అవతలి ఒడ్డు కనపడితే ఇంత భయం వేసేది కాదేమో. అవతలి ఒడ్డు లేదు.

"ఎంత లోతు నాన్నా?"

"ఇక్కడ పద్దెనిమిది మీటర్లు. మన మేడలు మూడు ఒకదాని మీద ఒకటి పెడితే మునిగిపోతాయి."

బుడగ మూడు మేడలూ పేర్చుకుని చూసింది. పై మేడ మీది నీళ్ళ ట్యాంకు కూడా మునిగింది.

రెండో డైవర్ బాబాయ్ రబ్బరు సూటు వేసుకుని ఒడ్డున సిద్ధంగా ఉన్నాడు. అమ్మకి కింద ఏదైనా అయితే దిగడానికి. "బుడగని తెచ్చావేంటి వదినా, కింద మనం వదిలే బుడగలు చాలవా?" అన్నాడు.

అమ్మ నవ్వి హెల్మెట్ పెట్టుకుంది. నడుముకి సీసం బెల్టు. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగింది. మోకాళ్ళు, నడుము, భుజాలు. పసుపు హెల్మెట్ ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ లేదు. నీళ్ళు కలిసిపోయాయి. అక్కడ ఎప్పుడూ ఎవరూ లేనట్టు మళ్ళీ ఆకాశం పరుచుకుంది.

"నాన్నా, అమ్మేది?"

"రా. నా చేతుల మీద చేతులు పెట్టు. అలా కాదు. బిగపట్టకు. వదిలేయనూ వద్దు."

బుడగ తాడు మీద వేళ్ళు పెట్టింది. తడిగా, చల్లగా ఉంది. మొదట ఏమీ లేదు. తర్వాత చిన్నగా, చాలా చిన్నగా ఏదో తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది.

"నాన్నా, తాడు వణుకుతోంది."

"వణకడం కాదు. మీ అమ్మ నడుస్తోంది."

బుడగ నోరు మూతపడింది. మూడు మేడల చీకటి కింద, ఎవరికీ కనపడని చోట, అమ్మ అడుగు వేస్తోంది. ఆ అడుగు వచ్చి తన అరచేతిలో పడుతోంది. ఒకటి. ఇంకొకటి. ఆగింది, వంగిందేమో. మళ్ళీ ఒకటి. ఒక మనిషి బతికి ఉండటం చేతికి ఇలా తెలుస్తుందని బుడగ ఎప్పుడూ అనుకోలేదు. పది నిమిషాలు గడిచాయి. ఆ పిల్ల పుట్టాక మెలకువగా ఉండి పది నిమిషాలు మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

నాన్న ఒకసారి లాగాడు. కింద నుంచి ఒక లాగు వచ్చింది.

"బాగుందట" అంది బుడగ గుసగుసగా.

"ఎలా చెప్పావు?"

"ఒకటి వచ్చిందిగా."

"వచ్చింది. ఎలా వచ్చింది?"

ఆ ప్రశ్న బుడగని ఎవరూ ఇదివరకు అడగలేదు. కాసేపయ్యాక నాన్న మళ్ళీ లాగాడు. జవాబు చటుక్కున, పొట్టిగా వచ్చింది.

"ఇప్పుడు?"

"విసుక్కుంటోందా?"

"అదే. పనిలో ఉంది, అడ్డు రాకంటోంది."

మూడోసారి అడిగినప్పుడు జవాబు నెమ్మదిగా వచ్చింది. బరువుగా, సాగినట్టు వచ్చింది. బుడగ నాన్న ముఖంలోకి చూసింది.

"ఆఁ, అలిసింది" అన్నాడు నాన్న. "మూడుసార్లూ ఒకటే వచ్చింది. మూడూ ఒకటేనా?"

బుడగ తల అడ్డంగా ఊపింది. గురువారం వచ్చిన తట్టు గుర్తొచ్చింది. అది కూడా ఇలాగే ఉంది. అచ్చం ఇలాగే.

అమ్మ పైకి వచ్చాక హెల్మెట్ తీసి ఒడ్డున కూర్చుంది. జుట్టు తడిసి నుదుటికి అతుక్కుంది. బుడగ వెళ్ళి ఒళ్ళో దూరింది.

"అమ్మా, కింద బాగోలేకపోతే నిజంగా నాలుగు లాగుతావా?"

అమ్మ, నాన్న ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒకసారి లాగలేదు" అంది అమ్మ. "నువ్వప్పటికి పుట్టలేదు. గాలి గొట్టం ఇనప జాలీలో ఇరుక్కుంది. మీ నాన్న ఒకటి లాగాడు. నేనూ ఒకటి లాగా."

"ఇరుక్కుపోయి బాగున్నానని ఎందుకన్నావు?"

"మీ నాన్న కంగారు పడతాడని. నేనే విడిపించుకుంటాలే అనుకున్నా."

"విడిపించుకున్నావా?"

"లేదు."

"ఆ లాగు నాకు నచ్చలేదు" అన్నాడు నాన్న. "బాబాయ్‌ని దింపాను. పైకొచ్చాక మీ అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగు లాగకుండానే ఎందుకు దింపావని, పరువు తీశావని."

"ఇప్పుడో?"

అమ్మ తడిచేత్తో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడా? కోపం తెచ్చుకోవడానికి ఆ రోజు ప్రాణం మిగిలింది కదా అనిపిస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో బుడగ చాలాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత అడిగింది.

"నాన్నా, అన్నయ్య ఆ ఒకటి నా కోసం కొడుతున్నాడా? నేను కంగారు పడతానని?"

నాన్న గేరు మార్చబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అమ్మ బయటికి చూస్తూ ఉంది.

* * *

టైలరత్త ఇంకా పై మెట్టు మీదే ఉంది. పక్కన గుండీలు కుట్టిన చొక్కాల కుప్ప.

"ఒక్క మాట లేదు" అంది నెమ్మదిగా. "నేను పాడుతుంటే మాత్రం లోపల ఒకసారి నవ్వినట్టు వినపడింది. నా పాటకి ఎవరైనా నవ్వుతారులే."

అత్త దిగి వెళ్ళింది. బుడగ పదకొండు మెట్లూ నడిచి ఎక్కింది. తలుపు దగ్గర చెయ్యి ఎత్తింది. దించేసింది. తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"అన్నయ్యా, నేను. ఇవాళ తట్టను."

లోపల ఫ్యాను తిరుగుతోంది.

"నువ్వు ఒకటి కొట్టక్కర్లేదు. బాగుండక్కర్లేదు కూడా. నేనేం కంగారు పడను."

కాసేపు ఆలోచించింది. అది అబద్ధం.

"పడతాననుకో. పడితే నాన్నకి చెప్పుకుంటా. నాకు నాన్నున్నాడు. నువ్వు నన్ను చూసుకోనక్కర్లేదు."

ఇంకా చాలా మాటలు నాలుక మీదికి వచ్చాయి. సైకిల్ పందెంలో ఎవరు పడ్డారో, రిజర్వాయరు ఎంత లోతో, బాబాయ్ ఏమన్నాడో. ఒక్కటీ బయటికి వదల్లేదు. రిజర్వాయరు దగ్గర తాడు పట్టుకున్నప్పటిలా కూర్చుంది. కిటికీ ఎండ ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది.

టక్.

తన నడుము దగ్గర, తలుపు అవతలి వైపు. అన్నయ్య కూడా నేల మీదే ఉన్నాడు. తలుపుకి ఆనుకునే ఉన్నాడు. ఇంతసేపూ ఇద్దరి మధ్యా ఒక చెక్క మాత్రమే ఉంది.

టక్.

రెండు. తాడు వదులు. వెళ్ళిపోమంటున్నాడా?

చాలాసేపటికి ఇంకొకటి. తట్టినట్టు లేదు. వేలు జారినట్టుంది. మూడు.

నాలుగోది కోసం చూసింది. రాలేదు. మూడు లేదు కదా. ఎప్పుడూ లేదు.

కేక వేయలేదు. లేచి కిందికి వెళ్ళింది. నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు.

"నాన్నా, మూడు కొట్టాడు. మూడు లేదుగా?"

తువ్వాలు కిందపడింది. నాన్న అప్పటికే మెట్ల దగ్గరున్నాడు.

"మూడంటే నాలుగే. ఒకటి దారిలో పోయింది."

"ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు."

"ఎప్పుడూ రాలేదు."

నాన్న తలుపు బాదలేదు. అమ్మా ఆయనా వచ్చి నేల మీద కూర్చున్నారు. "ఒరే, వచ్చాం" అన్నాడు నాన్న. "నువ్వు తీసినప్పుడే తియ్యి. మేమెక్కడికీ పోం."

గడియ కదలడానికి ఎంతసేపు పట్టిందో బుడగకి తెలియదు. తలుపు జానెడు తెరుచుకుంది. అన్నయ్య గడ్డం మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ముఖం సగమైంది.

"అమ్మా, నాకు పిచ్చి పట్టిందా?" అన్నాడు.

"ఏమవుతోందో చెప్పు నాన్నా. పేరు తర్వాత చూద్దాం" అంది అమ్మ.

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పరీక్ష హాల్లో ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుందట. గాలి అందలేదట. చెయ్యి తనది కానట్టు అయిపోయిందట. చచ్చిపోతున్నాననుకున్నాడట. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. మళ్ళీ అలా అవుతుందేమోనని గేటు దాటలేకపోయాడు. తర్వాత గది దాటలేకపోయాడు. తర్వాత మంచం దిగబుద్ధి కాలేదు. ముద్ద దిగలేదు.

"మీరిద్దరూ కష్టపడి చదివిస్తున్నారు. ఏమని చెప్పను?" అన్నాడు.

అమ్మ చెయ్యి చాపి వాడి పాదం పట్టుకుంది. "మొదటిసారి దిగినప్పుడు నాకూ గాలి అందలేదురా. గొట్టం నిండా గాలి ఉంది, నాకు మాత్రం అందలేదు. ఒకరు నేర్పితే కానీ ఊపిరి పీల్చడం రాలేదు. దీనికీ నేర్పేవాళ్ళుంటారు. డాక్టర్లుంటారు. వెళ్దాం."

"వెంటనేనా?"

"సోమవారం పొద్దున."

బుడగ గుమ్మంలో నిలబడి చూస్తోంది. తనని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పిన అన్నయ్య. మంచం దిగడానికి బలం లేని రోజుల్లో కూడా, రోజూ సాయంత్రం తలుపు దాకా వచ్చి, తను కంగారు పడకూడదని ఒక తట్టు తట్టాడు. గురువారం లేచి నిలబడలేక పాక్కుంటూ వచ్చి తట్టాడు. రిజర్వాయరు లోతు పద్దెనిమిది మీటర్లు. దీని లోతు ఎంతో బుడగకి లెక్క అందలేదు.

* * *

సోమవారం అన్నయ్య మెట్లు దిగాడు. పదకొండు మెట్లకి ఇరవై నిమిషాలు. గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళాడు. నాన్న వ్యాను ఇంజను ఆపి కూర్చున్నాడు. అన్నయ్య మళ్ళీ వచ్చాడు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. ఒక కాలు బయట పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. అమ్మ నీళ్ళలో మాయమైనప్పుడు కూడా బుడగ ఊపిరి ఇంతలా ఆగలేదు.

ఆసుపత్రి గదిలో బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. బుడగ గుమ్మంలోనే ఆగిపోయింది. మనసు డాక్టరు దగ్గర ఎవరూ ఉండరనుకుంది. ఉన్నా, జుట్టు పీక్కునేవాళ్ళు ఉంటారనుకుంది. ఇక్కడ యూనిఫాం వేసుకున్న బస్సు కండక్టరున్నాడు. అల్లిక అల్లుకుంటున్న ముసలమ్మ ఉంది. కాలేజీ ఐడీ కార్డు మెడలో వేసుకున్న అక్కలిద్దరున్నారు. ఏడాది పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఒకాయన జోకొడుతున్నాడు. అందరూ మామూలు మనుషులు. రోజూ వీధిలో ఎదురయ్యేవాళ్ళు.

"ఇంతమందా?" అంది బుడగ. గట్టిగానే అనేసింది.

కండక్టరు తలెత్తి చూశాడు. "ఇవాళ రష్ తక్కువమ్మా" అన్నాడు.

డాక్టరు తనే తలుపు తీసుకుని బయటికి వచ్చింది. "నువ్వొక్కడివే వస్తావా, ఇంట్లో వాళ్ళని కూడా రమ్మంటావా?" అని అన్నయ్యనే అడిగింది.

"అమ్మా నాన్నా రావాలి" అన్నాడు అన్నయ్య. "బుడగ వద్దు."

"నేనెందుకొద్దు?"

"లోపల నేను మాట్లాడాలి. నువ్వుంటే నాకు సందు దొరకదు."

ఇరవై ఆరు రోజుల తర్వాత అన్నయ్య వేసిన మొదటి జోకు అది. అమ్మ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. ముగ్గురూ లోపలికి వెళ్ళారు.

బుడగకి గోడ పక్క బల్ల మీద చోటు దొరికింది. ఎదురుగా తన ఈడు పిల్ల ఒకతి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కూర్చోవడానికి చోటు లేదు. ఆ పిల్లకి ఒక జడ వేసి ఉంది. రెండో వైపు జుట్టు విప్పి అలాగే వదిలేసి ఉంది. రిబ్బను గుప్పిట్లో నలుగుతోంది. చూపు నేల మీద.

బుడగ నాలుక దురద పెట్టింది. నీ పేరేంటి, ఏ క్లాసు, ఒక్క జడేంటి, ఎవరికి బాగోలేదు, బాగున్నావా? ఐదు ప్రశ్నలు వరుసగా వచ్చి పళ్ళ దగ్గర నిలబడ్డాయి.

ఒక్కటీ అడగలేదు. సంచి ఒళ్ళోకి తీసుకుని పక్కకి జరిగింది. బల్ల చివర ఒకరు కూర్చునేంత చోటు ఖాళీ అయింది.

"మా అన్నయ్య లోపలున్నాడు" అంది. "నేను చాలాసేపు ఇక్కడే ఉంటా."

ఆ పిల్ల కదల్లేదు. బుడగ కాళ్ళు ఊపలేదు. గోడ మీది గడియారం కూడా చూడలేదు. కండక్టరుని పిలిచారు. ఆయన వెళ్ళాడు. ముసలమ్మ ఇంకో వరస అల్లింది. అప్పుడు ఆ పిల్ల వచ్చి బల్ల చివర కూర్చుంది. రిబ్బను మోకాలి మీద పరిచి సాపు చేసింది.

"మా అమ్మ లోపలుంది" అంది. కాసేపాగి, "పొద్దున నాకు జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆపేసింది" అంది. మళ్ళీ ఆగింది.

అది పెద్ద కథ. మాట మాటకీ ఆగుతూ చెప్పింది. ఆగిన ప్రతిసారీ బుడగకి మధ్యలో దూరడానికి చోటు దొరికింది. బుడగ దూరలేదు. ఆ పిల్ల వైపు తిరిగి కూర్చుని, మళ్ళీ మొదలుపెట్టేదాకా ఊరుకుంది.